బత్తాయి తోట డ్రిప్పుకు మానిఫోల్డ్ ఎంపిక: విప్పి కడగగలిగినదే నమ్మదగినది

నల్లగొండ వైపు బత్తాయి రైతు కొత్తగా డ్రిప్పు వేయించేటప్పుడు ముందుగా డ్రిప్పరు ఏ కంపెనీదని, తరువాత చెట్ల సాళ్ల వెంట పరిచే లేటరల్ పైపు మందమెంతని అడుగుతాడు, చివరగా రాయితీ ఎంత వస్తుందని అడుగుతాడు. బోరు నీళ్లు ఫిల్టరు దాటి వచ్చి తోటలోని భాగాలకు విడిపోయే చోట ఉండే మానిఫోల్డ్ గురించి మాత్రం అడిగేవారు అరుదు. మన ఫిట్టర్లు దానిని హెడర్ అంటారు. దుకాణం బిల్లులో అది అడుగు వరుసలో, నాలుగు టీలు, నాలుగు వాల్వులు, రెండు ఎల్బోలుగా కనిపిస్తుంది. కాని నాలుగు ఎకరాల తోటలో ప్రతి చెట్టుకూ సమంగా నీరు అందడం, మే నెలలో ఒక భాగం చెడిపోయినా మిగతా మూడు ఆగకుండా నడవడం ఆ మూరెడు పైపు మీదే ఆధారపడి ఉంటాయి.

చలిదేశాలలో ఇంటి నేల కింద పైపులు పరచి, వాటిలో గోరువెచ్చని నీటిని తిప్పి గదులను వేడిచేసుకుంటారు. అక్కడ కూడా ఇదే పేరుతో, ఇత్తడితోనో స్టెయిన్‌లెస్ స్టీలుతోనో చేసిన మానిఫోల్డ్ గోడలోని అలమారలో ఉంటుంది, ఒక్కొక్క గది చుట్టకు ఎంత నీరు పోతున్నదో చూపే చిన్న మీటరు కూడా దాని మీద ఉంటుంది. వచ్చిన నీటిని దగ్గరి చుట్టకూ దూరపు చుట్టకూ న్యాయంగా పంచడం వారి సమస్య, మన సమస్య కూడా అదే. అయితే వారి పైపులలో తిరిగేది మూసిన వలయంలోని అదే నీరు, మన పైపులలోకి మాత్రం ప్రతిరోజూ కొత్త నీరు కొత్త ఇసుకను, కొత్త సున్నాన్ని మోసుకొని వస్తుంది. అందువల్ల మన మానిఫోల్డ్‌ను ఎంచుకునేటప్పుడు దాని మెరుపు, బరువు చూడడం కన్నా, దానిని ఎన్నిసార్లు విప్పి కడిగి తిరిగి బిగించగలమో చూడడం ముఖ్యమని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు నష్టపోయిన తరువాతనే కలిగింది. గుర్రంపోడు వైపు ఉన్న మా తోటలో మొదటి హెడర్‌ను ఫిట్టరు పూర్తిగా సొల్యూషన్ (పీవీసీ జిగురు) పూసి అతికించిన పీవీసీ ముక్కలతో కట్టాడు. చూడడానికి పొందికగా, టీకి టీ ఆనుకొని ఉండేది. మూడో ఎండాకాలంలో రెండో వాల్వు బిగుసుకుపోయి, పిడి తిప్పబోతే విరిగింది. దానిని తీయాలంటే పైపు కోయాలి, కోసిన తరువాత కప్లరు అతికించాలంటే రెండు వైపులా కనీసం జానెడు పైపు మిగలాలి, కాని అక్కడ రెండు వేళ్ల పైపు కూడా లేదు. ఒక్క వాల్వు కోసం హెడర్ మొత్తం తీసి కొత్తది కట్టించవలసి వచ్చింది. ఫిట్టరు దొరకడానికి మూడు రోజులు, పనికి, అతుకులు ఆరడానికి మరో రెండు రోజులు పట్టాయి. ఆ ఐదు రోజులలో నిమ్మకాయంత ఎదిగిన కాయలు చెట్ల కింద రాలి పడి ఉండడం ఇప్పటికీ నా కళ్ల ముందు కదలాడుతుంది.

ముందు నీటి లెక్క

ఏ రకం మానిఫోల్డ్ కొనాలో ఆలోచించేముందు బోరు ఇచ్చే నీటిని కొలవాలి. రెండు ఇంచుల నీళ్లు, ఇంచున్నర నీళ్లు అని మనం చెప్పుకొనే కొలత ఇక్కడ చాలదు. 200 లీటర్ల డ్రమ్మును బోరు పైపు కింద పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. 103 సెకన్లు పడితే ఆ బోరు గంటకు సుమారు 7000 లీటర్లు ఇస్తున్నట్లు. ఈ కొలతను వానలు వెనుకబట్టిన తరువాత ఒకసారి, ఏప్రిల్ చివర ఒకసారి, రెండుసార్లు తీసుకోవాలి, ఎందుకంటే మన చల్క (ఎర్ర ఇసుక) నేలలలో ఈ రెండు అంకెలకు మధ్య తేడా సగానికి సగం ఉండవచ్చు.

ఇక తోట వైపు లెక్క చూద్దాం. చెట్టుకు చెట్టుకు, సాలుకు సాలుకు 20 అడుగుల ఎడం ఉంటే ఎకరానికి సుమారు 109 చెట్లు వస్తాయి. కాపుకు వచ్చిన చెట్టుకు గంటకు 8 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్లు నాలుగు పెడితే, ఎకరానికి గంటకు దాదాపు 3500 లీటర్లు కావాలి. అంటే 7000 లీటర్ల బోరు ఒకేసారి రెండు ఎకరాలను తడపగలదు. నాలుగు ఎకరాల తోటకు రెండు వాల్వుల హెడర్ సరిపోతుందని చాలామంది ఫిట్టర్లు చెప్పేది ఈ లెక్క మీదే, కాగితం మీద అది తప్పు కాదు. కాని ఏప్రిల్‌లో బోరు 3500కు పడిపోతే రెండు ఎకరాల భాగాన్ని అది నింపలేదు, పీడనం పడిపోయి, మొదటి సాళ్లకు నీరు పోయి చివరి సాళ్లకు గాలి పోతుంది. అందుకే నాలుగు ఎకరాలకు నాలుగు వాల్వుల హెడర్‌నే ఎంచుకోమంటాను. నీరు బాగున్నప్పుడు రెండేసి వాల్వులు కలిపి తెరుచుకోవచ్చు, ఎండాకాలంలో ఒక్కొక్కటిగా నడుపుకోవచ్చు. అదనంగా కొనేది రెండు వాల్వులు, హెడర్ నుంచి ఆ భాగాలకు నీరు మోసే రెండు సబ్‌మెయిన్ల పైపు మాత్రమే.

హెడర్ లావు కూడా ఈ లెక్క నుంచే తేలుతుంది. పైపులో నీటి వేగం సెకనుకు ఒకటిన్నర మీటర్లు దాటకుండా చూసుకోవడం మంచి పద్ధతి. గంటకు 7000 లీటర్లు 63 మిల్లీమీటర్ల పైపులో పోతే వేగం సెకనుకు ముప్పావు మీటరు చుట్టుపక్కలే ఉంటుంది, అదే నీటిని 40 మిల్లీమీటర్ల పైపులోకి నెడితే రెండు మీటర్ల దాకా పోతుంది. హెడర్ సన్నగా ఉంటే మొదటి టీ దగ్గర ఒక పీడనం, చివరి టీ దగ్గర మరో పీడనం ఏర్పడతాయి. మామూలు డ్రిప్పరులో నీరు పీడనపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కనుక పీడనం 20 శాతం తగ్గితే నీరు 10 శాతం దాకా తగ్గుతుంది. అందుచేత మన సగటు తోటకు 63 మిల్లీమీటర్ల హెడర్, దాని నుంచి 50 మిల్లీమీటర్ల శాఖలు ఉండాలి. రెండు బోర్లు ఒకే హెడర్‌లో కలిపేవారు 75 తీసుకోవాలి, ఒక బోరు నీరు ఇంకో బోరులోకి పోకుండా ప్రతి బోరుకూ విడిగా నాన్‌రిటర్న్ వాల్వు పెట్టించాలి.

పీవీసీనా, పాలీప్రొపిలీనా, లోహమా

మన దగ్గర దొరికేవి ప్రధానంగా మూడు రకాలు. చోటు మీదే పీవీసీ ముక్కలతో కట్టేది మొదటిది. అచ్చులో పోసి తయారుచేసిన, మరలతోనూ రబ్బరు రింగులతోనూ ఒకదానికొకటి బిగించే నల్లని పాలీప్రొపిలీన్ ముక్కలది రెండవది. జీఐ (జింకు పూత పూసిన ఇనుము) లేదా మామూలు ఇనుప పైపును వెల్డింగు చేసి రంగు వేసి ఇచ్చేది మూడవది.

లోహపు హెడర్‌కు ఉన్న ఒకే పెద్ద బలం దృఢత్వం. ఇసుక ఫిల్టరు వంటి బరువైన సామాను దానికి తగిలించినా వంగదు, ట్రాక్టరు టైరు తగిలినా ముక్కలు కాదు. కాని ఉప్పదనం ఉన్న బోరు నీటిలో జీఐ లోపలి పూత కొన్నేళ్లకే పోతుంది, ఆ తరువాత రాలే తుప్పు ఫిల్టరుకు అవతల పుడుతుంది కనుక నేరుగా డ్రిప్పర్లలోకి చేరుతుంది. ఫిల్టరు పెట్టుకొని దాని వెనుకనే కసువును తయారుచేసుకోవడం ఇది. ఫిల్టరు ముందు భాగానికి, అంటే బోరు నుంచి ఫిల్టరు దాకా లోహం వాడుకోవచ్చు గాని, ఫిల్టరు దాటిన తరువాత వద్దని గట్టిగా చెబుతాను. చేను గట్టు మీద లోహానికి, ముఖ్యంగా ఇత్తడి వాల్వులకు దొంగల భయం కూడా ఉంటుంది.

పీవీసీ చవక, దేవరకొండలోనైనా హాలియాలోనైనా మిర్యాలగూడలోనైనా ఏ దుకాణానికి పోయినా ముక్క దొరుకుతుంది, పని తెలిసిన మనిషి కూడా దొరుకుతాడు. దాని లోపాలు రెండు. ఒకటి ఎండ. పీవీసీ పైపుల ప్రమాణమైన ఐఎస్ 4985లో పైపు మీద రాసే 4, 6, 10 కిలోల అంకెలు, అంటే చదరపు సెంటీమీటరుకు ఎన్ని కిలోల పీడనం తట్టుకుంటుందో చెప్పేవి, 27 డిగ్రీల వేడికి చెప్పినవి, మే నెల మధ్యాహ్నం నేల మీద బయటపడి ఉన్న పైపుకు అవి వర్తించవు, వేడి పెరిగేకొద్దీ తట్టుకొనే పీడనం తగ్గుతుంది. పైగా ఏళ్ల తరబడి ఎండలో ఉన్న పీవీసీ పెళుసుబారుతుంది. కాబట్టి భూమిలో పూడ్చే సబ్‌మెయిన్‌కు 4 కిలోల పైపు చాలినా, పైన కనబడే హెడర్‌కు 10 కిలోల పైపే తీసుకొని, తెల్ల రంగు వేయించి, వీలైతే రెండు సిమెంటు రేకులతో నీడ కట్టాలి. రెండవ లోపం నేను పైన చెప్పిన అతుకుడు. దానికి మందు యూనియన్, అంటే పైపు కోయకుండా విప్పి మళ్లీ బిగించగల మర జోడింపు. ప్రతి వాల్వుకూ రెండు పక్కలా యూనియన్ ఉండాలి, లేదా రెండు వైపులా యూనియన్ కలిసే ఉన్న వాల్వునే కొనాలి, టీకి టీకి మధ్య జానెడు పైపు వదలాలి. అలా కడితే హెడర్ రెండు అడుగులు పొడుగవుతుంది, పొందిక తగ్గుతుంది, కాని చెడిన వాల్వును పది నిమిషాలలో చేతితో విప్పవచ్చు.

పాలీప్రొపిలీన్ మానిఫోల్డ్ ఖరీదు ఎక్కువ. దానికి ఎండను తట్టుకొనేలా నల్ల పొడి కలుపుతారు, ఆమ్లానికి అది చెక్కుచెదరదు, ముక్క ముక్కగా విడిపోతుంది, రేపు ఐదో ఎకరం కలిస్తే ఐదో ముక్క తగిలించుకోవచ్చు. దాని ప్రాణమంతా రబ్బరు రింగులలో ఉంటుంది. అందువల్ల కొనేముందు దుకాణదారుతో ఈ రింగులు, మరలు మీ దగ్గర విడిగా దొరుకుతాయా అని అడిగి, అప్పుడే రెండు జతలు కొని ఇంట్లో పెట్టుకోవాలి. రింగు కోసం హైదరాబాదుకు మనిషిని పంపవలసిన మానిఫోల్డ్ ఎంత గొప్పదైనా మన తోటకు నమ్మదగినది కాదు. వేర్వేరు కంపెనీల ముక్కలు మరలలో కలిసినా రింగు గాడిలో కలవకపోవచ్చు గనుక ఒకే చోట ఒకే రకం తీసుకోవాలి.

ప్లాస్టిక్‌కూ లోహానికీ మధ్య మర వేసే చోట ఒక జాగ్రత్త ఉంది. లోహపు ఆడ మరలో ప్లాస్టిక్ మగ మరను బిగిస్తే అది నిలుస్తుంది. లోహపు మగ మర మీద ప్లాస్టిక్ ఆడ మరను బిగిస్తే, బిగించిన కొద్దీ ప్లాస్టిక్ లోపలి నుంచి చీలుతుంది, ఆ చీలిక బిగించిన రోజు కాక నెల తరువాత బయటపడుతుంది. టెఫ్లాన్ టేపు ఎక్కువ చుట్టినా ఇదే జరుగుతుంది. ప్రెషరు గేజి, గాలి వాల్వు తగిలించే చోట్ల ఫిట్టర్లు తరచుగా చేసే తప్పు ఇదే.

వాల్వుల సంగతి

హెడర్‌లో మొదట చెడేది వాల్వు కనుక డబ్బు మిగుల్చుకోవడానికి అది తగిన చోటు కాదు. బాల్ వాల్వు పూర్తిగా తెరవడానికి, పూర్తిగా మూయడానికి చేసినది. సగం తెరిచి నీటిని అదుపు చేస్తే, వేగంగా పోయే ఇసుక దాని సీటును గీకివేస్తుంది, ఆ తరువాత అది ఎప్పటికీ పూర్తిగా మూతపడదు. దగ్గరి భాగానికి పీడనం ఎక్కువై తగ్గించవలసి వస్తే దానికి పీడనం తగ్గించే వాల్వును విడిగా పెట్టుకోవాలి. ఏటవాలు గుట్టపక్క నేలలో ఇది తప్పదు, ఎందుకంటే 10 మీటర్ల ఎత్తు తేడా ఒక కిలో పీడనానికి సమానం, డ్రిప్పరుకు కావలసిన పీడనమే సుమారు ఒక కిలో. నేల మరీ ఎగుడుదిగుడుగా ఉంటే పీడనం మారినా ఒకే నీరు ఇచ్చే డ్రిప్పర్లు కొనడమే మేలు, అక్కడ మానిఫోల్డ్ ఒక్కటే ఆ తేడాను సరిదిద్దలేదు.

వానాకాలంలో ఇంకో ప్రమాదం ఉంది. ఎండాకాలపు లోతుకు సరిపోవాలని 100 మీటర్ల హెడ్ మోటారు, అంటే నీటిని అంత ఎత్తుకు తోసేది, దించుతాం. వానలు పడి నీటిమట్టం 30 మీటర్లకు ఎగబాకితే మిగిలిన 70 మీటర్ల బలం, అంటే 7 కిలోల పీడనం, పైకి వచ్చి హెడర్ మీద పడుతుంది. వాల్వులన్నీ మూసి మోటారు వేస్తే ఇంకా ఎక్కువ. కాబట్టి ఫిల్టరు ముందు ఒక బైపాస్ వాల్వు పెట్టి ఎక్కువైన నీటిని గుంటలోకో తిరిగి బోరులోకో వదిలే ఏర్పాటు ఉండాలి. భాగాలు మార్చేటప్పుడు రెండో వాల్వు పూర్తిగా తెరిచిన తరువాతనే మొదటిది మూయాలి. ఈ మాట ఇంట్లో మోటారు వేసే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా పిల్లలకూ జీతగాళ్లకూ చెప్పి ఉంచాలి.

ఆటోమేటిక్ వాల్వుల గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైన తరువాత మా వంటివారికి అర్ధరాత్రి టార్చి పట్టుకొని వాల్వు తిప్పడానికి పోయే అగత్యం తగ్గింది, అందుకే నాలుగైదు ఎకరాల లోపు తోటకు చేతి వాల్వులే చాలునని నేను భావిస్తాను. కరెంటుతో తెరుచుకొని మూసుకొనే ఈ సొలినాయిడ్ వాల్వు లోపల నీరు పోయే సన్నని దారి ఉంటుంది, ఇసుక రేణువో సున్నపు పెచ్చో అడ్డుపడితే అది తెరుచుకొనే ఉండిపోతుంది. పది ఎకరాలు దాటిన తోటకు, లేక పట్నంలో ఉంటూ తోట చూసుకొనేవారికి అవి పనికివస్తాయి. వారు కూడా చేతితో తెరిచి మూసే వీలున్న రకాన్నే కొనాలి.

నీటిని బట్టి మారేవి

నల్లగొండ నీటి పేరు చెప్పగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది, నీటిలోని ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. మనుషుల ఎముకలను వంచిన ఆ ఫ్లోరైడ్ పైపులకు చేసే హాని మాత్రం ఏమీ లేదు. పైపులను, వాల్వులను బాధించేది నీటిలోని కాఠిన్యం, అంటే సున్నపు పొర. వాల్వు బంతి మీద అది గరుకుగా పేరుకొని పిడిని బిగబట్టిస్తుంది. నెలకోసారైనా ప్రతి వాల్వునూ పూర్తిగా తిప్పి మూయడం, ఏడాదికి ఒకటి రెండు సార్లు ఆమ్లంతో కడగడం దీనికి మార్గాలు. ఆమ్లం ఎక్కించేటప్పుడు నీటిలోకి ఆమ్లం పోయాలి గాని ఆమ్లంలోకి నీరు పోయకూడదు. ఆమ్లం ఇత్తడిలోని జింకును, జీఐ మీది జింకు పూతను కరిగిస్తుంది కనుక ఆమ్లాన్ని, ఎరువును పైపులోకి పీల్చే వెంచురిని లోహపు ముక్కలన్నీ దాటిన తరువాత పెట్టాలి. ఎరువులు ఎక్కువగా డ్రిప్పులోనే ఇచ్చేవారికి, ఆమ్లంతో తరచుగా కడిగేవారికి పాలీప్రొపిలీన్ ఖరీదు గిట్టుబాటవుతుంది. కాల్షియం నైట్రేటును ఫాస్ఫేటు ఎరువుతో కలిపి ఎక్కిస్తే ఏ మానిఫోల్డ్ అయినా పూడుకుపోతుంది.

సాగర్ ఎడమ కాలువ కింద గాని, పాలమూరు వైపు కల్వకుర్తి ఎత్తిపోతల నీటితో గాని గుంటలు నింపుకొని డ్రిప్పు నడిపేవారి సంగతి వేరు. వారికి సున్నం తక్కువ, ఒండ్రు, నాచు ఎక్కువ. నాచును జాలి ఫిల్టరు ఒక్కటే ఆపలేదు, ఇసుక ఫిల్టరు, దాని వెనుక డిస్క్ ఫిల్టరు కావాలి. ఇసుక పోసే బోర్లకు నీటిని సుడి తిప్పి ఇసుకను వేరుచేసే హైడ్రోసైక్లోన్ కావాలి. ఫిల్టరుకు ముందూ వెనుకా గేజీలు ఉండి, రెండింటి తేడా అర కిలో దాటితే కడగాలని తెలియాలి. ఈ నీటి తోటలో హెడర్ చివర మూతకు బదులు ఒక ఫ్లష్ వాల్వు పెట్టడం తప్పనిసరి, దానిని వారానికోసారి తెరిస్తే అడుగున చేరిన బురద ఎర్రగా బయటికి వస్తుంది.

గాలి వాల్వును మాత్రం ఏ నీటికైనా మానకూడదు. మోటారు ఆగగానే పైపులోని నీరు పల్లానికి జారి, వెనుక శూన్యం ఏర్పడి, డ్రిప్పర్లు తమ చుట్టూ ఉన్న బురదను లోపలికి పీల్చుకుంటాయి. హెడర్‌లో అన్నింటికన్నా ఎత్తైన చోట గాలిని వదిలి, మళ్లీ పీల్చుకోనిచ్చే వాల్వు ఒక్కటి ఉంటే ఇది జరగదు. దానిని బిల్లు తగ్గించడానికి తీసివేసిన తోటలను చాలా చూశాను.

కాబట్టి రెండు నుంచి ఐదు ఎకరాల బోరు తోటకు నా సలహా, 10 కిలోల పీవీసీతో, వాల్వుకు రెండు వైపులా యూనియన్లతో, ఎకరానికి ఒక వాల్వుతో కట్టిన హెడర్. ఎరువులు, ఆమ్లం విరివిగా వాడేవారికి, తోట పెంచే ఉద్దేశం ఉన్నవారికి పాలీప్రొపిలీన్. ఉద్యానశాఖ రాయితీ మీద తీసుకొనేవారికి సామాను జాబితా ముందే ఖరారై వస్తుంది, అయినా యూనియన్లు, గాలి వాల్వు, ఫ్లష్ వాల్వు సొంత డబ్బుతోనైనా కలిపించుకోవాలి, పైపు మీద ఐఎస్ అంకె, కిలోల అంకె, తయారైన తేదీ ముద్రించి ఉన్నాయో లేదో దించుకొనే రోజే చూసుకోవాలి.

బిగించిన తరువాత సొల్యూషన్ అతుకులకు 24 గంటలు ఆరనివ్వకుండా మోటారు వేయనివ్వకండి. మరునాడు ఒక్కొక్క వాల్వును తెరిచి, హెడర్‌కు దగ్గరి చెట్టు కింద ఒకసారి, ఆ భాగంలో చివరి చెట్టు కింద ఒకసారి, కొలగ్లాసుతో ఒక నిమిషం నీరు పట్టండి. 8 లీటర్ల డ్రిప్పరు నిమిషానికి 133 మిల్లీలీటర్లు ఇవ్వాలి. చివరి చెట్టు కింద 120 కన్నా తక్కువ వస్తే ఫిట్టరు అక్కడ ఉండగానే హెడర్ దగ్గరికి తిరిగి వచ్చి, ఆ శాఖ వాల్వు పూర్తిగా తెరుచుకున్నదా, సబ్‌మెయిన్ సన్నబడిందా అని చూపించమని అడగండి, మిగిలిన డబ్బు ఆ తరువాత ఇవ్వండి.